భంగ్ అని చెప్పింది

నాకు కోపం ఎక్కువ. ఉక్కు ప్లాంట్ పక్కనున్న మా క్యాంప్ 1 బస్తీలో ఎవరినడిగినా ఈ మాట చెబుతారు. కుళాయి దగ్గర నా బిందె జరిపినవాళ్ళకి తెలుసు, కూరలబండివాడికి తెలుసు, నా కూతురు వాసవికైతే ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. నోరున్న తల్లి ఉంటే ఆడపిల్ల దారి తప్పదని నా నమ్మకం. ఇన్నాళ్ళూ అదేదో నా గొప్ప అనుకుంటూ వచ్చాను.

హోలీ రోజు మధ్యాహ్నం ఒంటిగంట దాటాక వాసవి ఆటో దిగింది. ఒంటినిండా రంగులు. దాని భుజం మీద స్నేహితురాలు ఛాయ వాలిపోయి ఉంది. ఛాయ వాళ్ళకి పక్క ఊరు దుర్గ్‌లో బట్టల కొట్టు. ఇద్దరూ ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. మా ఇంటికొస్తే ఛాయ మొహమాటం లేకుండా గారెలు అడిగి మరీ వేయించుకుంటుంది, అందుకే ఆ పిల్లంటే నాకు ఇష్టం. ఆ రోజు దానికి కాళ్ళు నిలవడం లేదు.

“ఏటయిందే దీనికి?” అన్నాను.

“భంగ్ అమ్మా. క్లాస్‌వాళ్ళ హోలీలో ఠండాయి ఇచ్చేరు. తెలీక రెండు గ్లాసులు తాగీసింది,” అంది వాసవి.

భంగ్ అనగానే నా కోపం సగం దిగిపోయింది. గంజాయి ఆకు నూరి ఠండాయి పాలల్లో కలుపుతారు, హోలీకి ఇక్కడ అదేం తప్పు పని కాదు. పక్కింటి తివారీగారి అమ్మ కూడా ప్రసాదమంటూ ఓ గుక్క వేస్తుంది. ఎక్కువైతే కాస్త పులుపు పట్టించి పడుకోబెడతారు. ఈ ఊరొచ్చిన కాడినుంచీ నేను చూస్తున్న వైద్యం అదే.

ఛాయని లోపలి గదిలో మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టాను. నలుగురి కంటా పడకుండా కిటికీ మూశాను. చింతపండు పిసికి, ఆ నీళ్ళు చెంచాతో నోట్లో పోశాను. సగం పెదవుల పక్కనుంచి కారిపోయాయి. ఓసారి దగ్గింది, కళ్ళు మాత్రం తెరవలేదు. “తాగమ్మా, దిగిపోద్ది,” అని బుజ్జగిస్తూ ఇంకో చెంచా పోశాను. వాసవి గుమ్మంలో గోళ్ళు కొరుకుతూ నిలబడింది. వెళ్ళి స్నానం చెయ్యమంటే కదల్లేదు. నాకు అప్పుడే అనుమానం రావలసింది.

రెండున్నరకి మొదటి షిఫ్టు ముగించుకుని మా ఆయన గురునాథరావు వచ్చారు. ఆయనది ప్లాంట్‌లో గ్యాస్ సేఫ్టీ. ఎక్కడన్నా గ్యాస్ లీకైతే మనుషుల్ని బయటికి లాగి బతికించుకునే పని. గదిలోకి తొంగిచూసి, చెప్పులైనా విప్పకుండా మంచం దగ్గరికొచ్చారు. “ఛాయా!” అని గట్టిగా పిలిచారు. భుజం గిల్లారు. పలకలేదు. నా చేతిలో గిన్నె తీసి కింద పెట్టారు.

“నోట్లో ఏటీ పొయ్యకు. తెలివి లేనప్పుడు పోస్తే ఊపిరితిత్తుల్లోకి ఎల్లిపోతాది.”

పిల్లని ఎడమ పక్కకి తిప్పి, పైకాలు మోకాలి దగ్గర మడిచి, చెంప కింద దాని చెయ్యే పెట్టారు. గడియారం చూస్తూ ఊపిరి లెక్కపెట్టారు. నిమిషానికి ఏడే. తడితువ్వాలు తెచ్చి మూతి తుడిస్తే, గులాబీ రంగు కింద పెదాలు నీలంగా ఉన్నాయి. అంతసేపూ పక్కనే కూర్చున్నదాన్ని, ఆ రంగు మాటున నాకేమీ కనబడలేదు.

నేను వాసవి మీదికి నోరు తెరవబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టి, దానివైపు తిరిగి మెల్లగా అన్నారు.

“గ్యాస్ తగిలినోడి దగ్గిర తప్పెవురిదని మేం అడగమమ్మా. ఏ గ్యాసు, ఎంతసేపు, అంతే. నిజం సెప్పు. ఛాయ ఏటి తాగింది?”

వాసవి ఆయన వైపు చూడలేదు, నా వైపు చూసింది. ఆ చూపు నేను చచ్చేదాకా మరిచిపోను. మంచం మీద స్నేహితురాలి ఊపిరి తగ్గిపోతోంది, నా కూతురు మాత్రం నా మొహం చూసి వణుకుతోంది.

“సెప్పు తల్లీ. నేనేటీ అనను,” అన్నాను. ఆ గొంతు నాదేనా అనిపించింది.

“వోడ్కా,” అంది ఏడుస్తూ. “షర్త్ పెట్టుకున్నారు నాన్నా, ఎవరు ఎక్కువ తాగుతారో అని. సగం సీసా పైనే, గంటలోపల. పన్నెండింటికి అయిపోయింది. పడుకుంటే దిగిపోద్దనుకున్నాను. అమ్మ తిడుతుందని భంగ్ అని చెప్పేను.”

ఆయన వెంటనే 108కి ఫోన్ చేసి, ఏం తాగిందో, ఎంత తాగిందో, ఊపిరి ఎలా ఉందో వివరంగా చెప్పారు. నెత్తిన చన్నీళ్ళు పొయ్యనా అని అడిగాను. “ఒళ్ళు ఇప్పటికే సల్లబడిపోయింది. దుప్పటి కప్పు. దీన్నొగ్గీసి ఎక్కడికీ ఎల్లకు,” అన్నారు. వాసవి చేత ఛాయ వాళ్ళమ్మకి ఫోన్ చేయించారు. అంబులెన్స్ వచ్చేలోపు ఛాయకి వాంతయింది. పక్కకి తిరిగి ఉంది కాబట్టి అంతా నా చీర మీదికి వచ్చింది. నేను పడుకోబెట్టినట్టే వెల్లకిలా ఉండి ఉంటే ఊపిరితిత్తుల్లోకి పోయేది. మూతి తుడిచి, జుట్టు వెనక్కి దువ్వి, ఊపిరి ఆడుతోందో లేదో తెలిసేలా దాని వీపు మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను.

సాయంత్రం ఆసుపత్రిలో ఛాయ కళ్ళు తెరిచింది. నన్ను చూసి, “ఆంటీ, మా అమ్మకి చెప్పొద్దు,” అంది. వాళ్ళమ్మ అప్పటికి రెండు గంటలుగా దాని పాదాలు పట్టుకుని కూర్చుని ఉంది. అంత దుఃఖంలోనూ ఆవిడకి నవ్వొచ్చింది. తర్వాత ఇద్దరం కలిసి ఏడ్చాం.

బయట వరండాలో వాసవిని పక్కన కూర్చోబెట్టుకున్నాను.

“నా నోటికి బయపడి నువ్వు అబద్ధమాడేవు. అది నమ్మి నేను పిల్ల గొంతులో పులుపు పోసేను. ఇద్దరం కలిసి సంపీసేవోళ్ళమే. ఇకమీదట ఏటయినా నాకు సెప్పు. నువ్వు తాగినా సెప్పు. ముందు వొచ్చి ఇంటికి తీసుకెల్తాను.”

“తిట్టవా?”

“తిట్టకుండా నేనుండగలనేటి? మర్నాడు తిడతాను.”

అది నా భుజం మీద తల పెట్టుకుంది. చెవి వెనకాల ఇంకా పచ్చరంగు ఉంది.

మూడు నెలలయ్యాక ఓ శనివారం సాయంత్రం ఐదింటికి ఫోన్ మోగింది.

“అమ్మా, పవర్ హౌస్ దగ్గర వందనా వాళ్ళింట్లో ఉన్నాను. పుట్టినరోజు. నేను... రెండు బీర్లు తాగేనమ్మా. స్కూటీ నడపలేను. వస్తావా?”

నా ఒళ్ళు భగ్గుమంది. ఇరవై ఏళ్ళుగా దాన్ని తిడుతూ వచ్చిన తిట్లన్నీ ఒక్కసారి నోటి దాకా వచ్చాయి. గోడ పట్టుకుని, వాటినన్నిటినీ మింగాను.

“అక్కడే కూకో. వస్తన్నాను,” అన్నాను.

ఆటో ఎక్కాక ఏడుపొచ్చింది. నా పిల్ల నాకు నిజం చెప్పింది.