తుంటి మీద సూది

పటం మీద సీసాల ఫ్యాక్టరీ కాలనీ పచ్చగా ఉంది. అంటే అక్కడి పిల్లల్లో నూటికి ఎనభై మందికి పైగా తట్టు టీకా పడిందని అర్థం. పక్క ఊళ్లో అప్పటికే తట్టు లేచింది. మా ఆరోగ్య శాఖ ఆఫీసుకు ఉన్నవి మూడే టీకా వ్యాన్లు. పటంలో బాగా ఎర్రగా కనిపించే మూడు వార్డులకు మర్నాడు పొద్దున్నే అవి బయల్దేరాలి. సాయంత్రం మా పై అధికారి మేడమ్ సంతకం పెడితే ఇక మార్పు ఉండదు.

ఆ పటం తయారుచేసింది నేనూ, మా గణాంక అధికారీ. ఆయన్ని ఆఫీసులో అందరూ దశాంశం గారు అంటారు. టీ ఎలా ఉందని అడిగినా పాయింటు తర్వాత రెండంకెలు లేకుండా చెప్పరని పేరు. ప్రతి గడపా తొక్కలేం కాబట్టి ఒక్కో వార్డులో కొన్ని ఇళ్లను చీటీలేసినట్టు ఎంచుకుంటాం. అక్కడ తల్లులు చెప్పిన జవాబులను బట్టి వార్డు మొత్తానికీ అంచనా కడతాం. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేనే. మా అమ్మ మాత్రం ఎవరడిగినా "మా చిన్నది ఆఫీసులో బొమ్మలకు రంగులేస్తుంది" అని చెబుతుంది.

మధ్యాహ్నం అన్నం తింటుంటే అక్క ఫోన్ చేసింది. అక్కా బావా ఆ కాలనీలోనే ఉంటారు. వాళ్ల బాబుకి ఈమధ్యే ఏడాది నిండింది.

"పక్క ఊళ్లో తట్టంట కదే! మాకేం భయం లేదులే. వీడికి సూది వేయించేశాం."

"ఎప్పుడు?"

"మొన్న జ్వరమొచ్చినప్పుడు. మందుల షాపాయన వేశాడు, తుంటి మీద. వీడు ఎంత గోల చేశాడనుకున్నావ్, వీధంతా ఏకమైంది."

చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను. తట్టు టీకా కుడి భుజానికి వేస్తారు. తుంటికి వేసేది జ్వరం సూది.

"సర్వేవాళ్లు మీ ఇంటికొచ్చారా అక్కా?"

"వచ్చారు. బాబుకి సూది వేయించారా అనడిగారు. వేయించామన్నాను. అబద్ధమేం కాదుగా?"

అబద్ధం కాదు. కాగితం మీద ప్రశ్న 'తట్టు టీకా' అనే ఉంది. కానీ ఆ మాట అందరికీ తెలియదని, జనం మాటలో అడగమని దశాంశం గారు శిక్షణలో చెప్పారు. జనం మాటలో అన్నీ సూదులే. ఆ షాపాయన జలుబుకీ సూదే వేస్తాడు, నీరసానికీ సూదే వేస్తాడు. బాబుకి పడింది తట్టు టీకా కాదని అక్కకి చెప్పాను.

"అయితే వీణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్లనా?" అక్క గొంతు మారింది.

"అక్కడ లేదక్కా. ఉన్న టీకా మందంతా వ్యాన్లలోకి ఎత్తేశారు. మళ్లీ వచ్చేది పై నెలే."

చెయ్యి కడుక్కుని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. కాలనీలో ముప్పై ఒక్క మంది పిల్లల గురించి అడిగారు. టీకా కార్డు చూపించిన ఇళ్లు తొమ్మిది. ఆ తొమ్మిది మందిలో తట్టు టీకా పడింది నలుగురికి. కార్డు లేని ఇరవై రెండు మంది తల్లులూ 'వేయించాం' అన్నారు, ఒక్కరు కూడా తప్పకుండా. మిగతా వార్డుల్లో చూశాను. అక్కడ కార్డున్నవాళ్ల లెక్కే కొంచెం ఎక్కువగా ఉంది, ఉండాల్సినట్టే.

ఆ లెక్క కాగితం మీద రాసుకుని మేడమ్ గదిలోకి వెళ్లాను. దశాంశం గారు అప్పటికే అక్కడున్నారు. పటం బల్ల మీద పరిచి ఉంది. మా అక్క అక్కడే ఉంటుందని ముందు నేనే చెప్పాను. వేరేవాళ్లు చెబితే బాగుండదు.

మేడమ్ కళ్లజోడు తీశారు. "అంటే మీ అక్క కొడుకు కోసం వ్యాన్ మళ్లించమంటావ్."

"కాదు మేడమ్. కార్డు జాగ్రత్తగా దాచుకున్న ఇళ్లలోనే సగం మందికి పడలేదు. కార్డు పోగొట్టుకున్న ఇళ్లలో నూటికి నూరు ఎలా పడుతుంది?"

"తొమ్మిది మంది!" అన్నారు దశాంశం గారు. "తొమ్మిది మందిని చూసి వార్డు రంగు మార్చేస్తారా ఎవరైనా? నువ్వు చదువుకున్నది ఇదేనా అమ్మాయ్?"

ఆయన మాటలో తప్పు లేదు. తొమ్మిది మందితో ఏ లెక్కా నిలబడదు.

"అయితే ఇంకొందరిని అడిగొస్తాను సార్. ఇప్పుడే."

మేడమ్ నర్సమ్మను పిలిచారు. "ఈ అమ్మాయితో వెళ్లు. నాలుగు వీధుల్లో అడగండి. ఇళ్లను నువ్వే ఎంచు. వీళ్ల అక్క వీధిలోకి మాత్రం అడుగు పెట్టడానికి వీల్లేదు. చీకటి పడేలోపు రాకపోతే ఈ పటమే ఖాయం."

నర్సమ్మ లావుపాటి మనిషి, నడక మాత్రం గాలి. దారిలోనే నాకు చెప్పేసింది. "వేయించారా అని అడిగితే ఎవరైనా ఔననే అంటారు. లేదంటే తిడతామని భయం. ఎక్కడ వేశారో అడుగు."

కాలనీలో ఇళ్లన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. మొదటి ఇంట్లో తల్లి తలుపు సగమే తీసింది.

"సూది వేయించారా అమ్మా?"

"అయ్యో, ఎప్పుడో!"

"ఎక్కడ?"

"మందుల షాపులో."

"షాపు సంగతి కాదు, ఒంటి మీద ఎక్కడ?"

ఆవిడ నవ్వి తన తుంటి మీద చరుచుకుంది. "ఇక్కడే. ఇంకెక్కడ వేస్తారు, నెత్తిమీదా?"

రెండో ఇంట్లోనూ తుంటే. మూడో ఇంట్లో భుజం. మచ్చ పుట్టినప్పుడు వేసిన క్షయ టీకాదని నర్సమ్మ తేల్చింది, ఎందుకంటే అది ఎడమ భుజం. నాలుగో ఇంట్లో తాత "నాకూ ఒకటి వెయ్యండమ్మా, మోకాళ్లు లాగుతున్నాయి" అన్నాడు. నేను నవ్వలేకపోయాను. ఎండ గోడల మీదికి ఎక్కిపోతోంది.

మూడో వీధి మలుపులో వెనకనుంచి కేక వినిపించింది. అక్క బాబుని చంకనెత్తుకుని తన వీధి మొదట్లో నిలబడి ఉంది. వాడి ముక్కు కారుతోంది.

"ఏమే, ఊరందరి గుమ్మాలూ తొక్కి మా గుమ్మం మాత్రం తొక్కవా? అయినవాళ్లకి ఆకుల్లో, కానివాళ్లకి కంచాల్లోనా?"

"ఇప్పుడు రాలేనక్కా. వస్తే ఇదంతా చెల్లదు."

"వీడికి ఒళ్లు వెచ్చగా ఉంది. చూసైనా వెళ్లవే!"

నా కాళ్లు అటు కదిలాయి. నర్సమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. తనే నాలుగడుగులు వేసి, అక్క వీధిలో అడుగు పెట్టకుండా, బాబుని దగ్గరికి తెమ్మంది. నోరు తెరిపించింది, కనురెప్ప లాగింది, చెవి వెనక చూసింది. "ఉత్త జలుబే" అంది. నాతో మాత్రం నడుస్తూ చిన్నగా అంది. "ఇవాళ్టికి."

మేడమ్ గదిలో అప్పుడే లైటు వేస్తుండగా చేరుకున్నాం. కార్డు లేని నలభై మంది పిల్లల్ని చూశాం. అందులో ముప్పై ఒక్క మందికి పడింది తుంటి మీదే.

దశాంశం గారు కాగితాన్ని రెండుసార్లు చదివారు. "టీకా అనే చోట సూది అని అడగమన్నది నేనే మేడమ్" అన్నారు. ఈసారి ఆయన నోట ఒక్క అంకె కూడా రాలేదు.

మేడమ్ కలం తీసుకున్నారు. "సరే. వ్యాన్లు మూడే. ఎవరిది తీసెయ్యమంటావ్?"

నేను దానికి సిద్ధపడి రాలేదు. పటం మీద మూడు ఎర్ర వార్డులు. అన్నిట్లోకీ కొంచెం తక్కువ ఎరుపు స్టేషన్ వెనక వార్డుది. అక్కడ నాకు తెలిసినవాళ్లెవరూ లేరు.

"నువ్వే చెప్పు" అన్నారు మేడమ్. "చెప్పింది నువ్వని రాసుకుంటాను."

"స్టేషన్ వెనక వార్డు మేడమ్" అన్నాను. "పై నెల మందు రాగానే మొదటి వ్యాన్ అక్కడికే పంపండి."

మర్నాడు కాలనీలో వరుస ఫ్యాక్టరీ గేటు దాకా సాగింది. సాయంత్రం అక్క ఫోన్ చేసింది. నర్సమ్మ మళ్లీ చూసి బాబుకి టీకా వేసిందట, కుడి భుజానికి. అక్కడ కొంచెం ఎర్రబడిందట, ఏమైనా రాయాలా అని మొదలుపెట్టి, బావ సంగతి, పక్కింటివాళ్ల సంగతి చెప్పుకుపోతోంది.

"ఏం రాయక్కర్లేదు. పెట్టెయ్ అక్కా."

"ఏంటే అంత విసుగు?"

"స్టేషన్ వార్డులో తట్టు లేచిందని ఫోన్ రావచ్చు. లైను ఖాళీగా ఉండాలి."