కళాయి పోయిన గుండిగ

కర్నూలు రాజధాని అయిన మరుసటేడు, ఊరమ్మకి చేసే దేవర పండగ నాడు, ఉచ్చీరమ్మ ఆదోని నుంచి అడిగి తెచ్చిన పెద్ద ఇత్తడి గుండిగలో పాయసం మాడింది. మామూలుగా కాదు, అడుగంతా నల్లటి పెచ్చు కట్టేలా మాడింది. గుండిగ పత్తి వ్యాపారి ఇంద్రసేనయ్య ఇంటిది. ఆయన భార్య శాంతకుమారి దాన్ని ఈ పల్లెలో ఉచ్చీరమ్మకి తప్ప ఎవరికీ ఇవ్వదు. వచ్చే నెల ఉచ్చీరమ్మ కూతురి పెళ్లికీ అదే కావాలి, అంతమందికి వండే పాత్ర ఊళ్లో ఇంకోటి లేదు. పాడుచేసి తిరిగిస్తే మళ్లీ అడగడానికి మొహం ఉండదు.

"రేప్పొద్దున బండి పోతాది, అద్దం మాదిరి తోమల్ల," అంది ఉచ్చీరమ్మ, కొత్త కోడలు హనుమంతమ్మతో. "యాడనో సూస్తా కూర్చోవాకు. నీ సంగతి నాకు తెల్సు."

హనుమంతమ్మది జొన్నగిరి. అక్కడ వాన పడితే చాలు, జనమంతా తల వంచుకుని చేలల్లో వజ్రం కోసమో బంగారు మెరుపు కోసమో వెతుకుతారు. అందుకే ఆమె తోమడానికి ఇసుక తీసినా అరచేతిలో పరిచి, ఎండకి తిప్పి చూసిగానీ వాడదు. పుట్టింట్లో మట్టికుండలే, ఇత్తడి తోమడం ఇదే మొదలు.

గంజి పోసి నానబెట్టి, మధ్యాహ్నానికి, పొయ్యి మసితో బయటంతా నల్లబడిన గుండిగని పక్కకి ఒరిగించి ఇసుకతో లోపలికి దూరింది. లోపల వేరే లోకం. ఊపిరి కూడా మోగుతోంది, గాజులు ఒకసారి కదిలితే మళ్లీ మళ్లీ వినిపిస్తున్నాయి, బయట కోళ్లూ మనుషులూ ఏటి అవతల ఉన్నట్టు ఉంది. మాడు పెచ్చులుగా ఊడింది, కింద వెండిలాంటి తెలుపు వచ్చింది, చెయ్యి మాత్రం ఆగలేదు, దానంతటదే తిరుగుతూనే ఉంది. అప్పుడు ఆ తెలుపు కింద ఒక చుక్క, పసుప్పచ్చగా.

మట్టి కింద బంగారం ఉంటుందని చిన్నప్పటి నుంచీ విన్న పిల్ల, తెలుపు కిందా ఉంటుందని నమ్మడానికి ఎంతసేపు. ఇంకా తోమింది. చుక్క రూపాయంత అయింది, రూపాయి పళ్లెమంత అయింది, చివరికి అడుగంతా పొద్దు పొడిచినట్టు వెలిగింది. ఆ వెలుగు మోకాళ్ల మీదా చేతుల మీదా పడుతుంటే అందులో తేలుతున్నట్టు కూర్చుండిపోయింది.

"అత్తా, ఇట్లా రా. బంగారం తేలింది."

ఉచ్చీరమ్మ తల దూర్చింది. వేలితో అడుగు గీకి చూసింది.

"బంగారం గాదు తల్లీ, ఇత్తడి. ఆ తెల్లగుండేది కళాయి, తగరం పూత. అది లేకుండా పులుపు వండితే విషమైతాది. పెండ్లిలో చారు తాగి సుట్టాలంతా ఆడనే పండుకుంటారు."

"మాడు తియ్యమంటివి గదా అత్తా."

"మాడు తియ్యమంటి. కళాయి గూడా తియ్యమంటినా?"

మర్నాడు అత్తాకోడళ్లు ఆదోని చేరగానే శాంతకుమారి బండి దగ్గరికే వచ్చి గుండిగలోకి వంగి చూసింది. మిల్లుల వైపు నుంచి దూది పోగొకటి గాలిలో తేలుతూ వచ్చి, ఎక్కడ వాలాలా అని ఆలోచించి, ఆ పసుపు మీద వాలింది. శాంతకుమారి దాన్ని రెండు వేళ్లతో ఏరేసింది.

"ఎవురు తోమినారు?"

ఉచ్చీరమ్మ నోరు తెరిచేలోపే, "నేనేమ్మా," అంది హనుమంతమ్మ. "బంగారమనుకుంటి."

"ఏ ఊరు నీది?"

"జొన్నగిరి."

శాంతకుమారి నవ్వు ఆపుకోబోయింది, ఆగలేదు. "మా ఆయనకి సెప్పొద్దు. నిజమనుకొని బేరం పెడతాడు."

"అమ్మా, వచ్చే నెల పెండ్లి..." ఉచ్చీరమ్మ మిగతా మాట మింగేసింది.

"కళాయి పోసేటోడు దసరా దాకా రాడు," అంది శాంతకుమారి, అంచు మీద చెయ్యి నిమురుతూ. "మళ్లీ మోసుకొచ్చేదెందుకు, పెండ్లి దాకా మీ దగ్గరే పెట్టుకోండి. అన్నమూ పాయసమూ దీంట్లో వండండి. చారు కుండల్లో కాయండి. పులుపు తగిలిందంటే మాత్రం నేను ఊరుకోను. ఈ పిల్లనే కావలి పెట్టు."

గుండిగ బండి దిగనేలేదు. తిరుగు దారిలో ఉచ్చీరమ్మ దాని మీద చెయ్యేసి కునికిపాట్లు పడుతూ, "చింతపండు సేతిలో ఉండేటోళ్లను దగ్గరికి రానియ్యాకు. మీ మామైనా సరే," అంది.

"ఊ," అంది హనుమంతమ్మ. ఆ పసుపు వెలుగు మీద తెల్లటి అన్నం పొగలు కక్కుతూ పొంగడం ఆమెకి అప్పటికే కనిపిస్తోంది.