అరోవానా చేప కార్తీక వ్రతం

ప్రొద్దుటూరు బట్టల కొట్టు అశ్వత్థనారాయణకు ఒళ్లు మండిపోయింది. చేపపిల్లలను పెంచే హేచరీలో పుట్టిన అరుదైన అరోవానా చేపను, దాని నంబరున్న ధ్రువీకరణ కాగితంతో సహా తెప్పించుకుని, అది ఏం తింటోందో, ఎంత పెరుగుతోందో వారం వారం పుస్తకంలో రాసుకుంటున్నాడు. చిన్న చేపల్లాంటి ప్రాణమున్నవి తప్ప అది మరేదీ ముట్టదు. అట్లాంటిది, పది రోజులుగా గాజుతొట్టిలో బొరుగులు తేలుతున్నాయి!

“ఏందిమా ఇది? చిన్న చేపలు తెచ్చేటోన్ని వాకిట్లోంచే ఎనక్కి పంపిస్తాండావంట!”

“కార్తీకమాసం రా! మనమంతా ఒంటిపూట ఉంటే దానికి మాత్రం నీసు కావాల్నా?” అంది తల్లి రామేశ్వరమ్మ.

“అదేమన్నా మన శెట్లింటి బిడ్డా? వేటాడే చేపమా అది! పస్తులతో చస్తాది!”

“మనింటికొచ్చినాక మన పద్ధతే.”

ఆ మాట పూర్తి కాకముందే తొట్టిపై గోడ మీద బల్లి కదిలింది. చేప నిలువెత్తు ఎగిరి, బల్లిని గుటుక్కున మింగి, దభీమని మళ్లీ నీళ్లలో పడింది. తల్లీకొడుకులిద్దరూ నిలువునా తడిశారు.

రామేశ్వరమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటూ ఖాళీ గోడ వంక చూసింది. నెత్తిన బల్లి పడిందని నెల క్రితం ఊళ్లోని పంచాంగాలన్నీ తిరగేయించిన మనిషి ఆమె.

“ఒరే, వంటింట్లో ఇంకా నాలుగుండాయి. తొట్టిని ఆడికి జరపరా!”

“మరి కార్తీకమాసమో?” అన్నాడు అశ్వత్థనారాయణ పళ్లు కొరుకుతూ.

“బల్లి యాడన్నా నీసవుతాదా!”

అతను పుస్తకం తెరిచి, కాగితం చిరిగేంత కోపంగా రాశాడు: ‘పదో రోజు. బల్లి ఒకటి. అమ్మ అనుమతితో.’