బెత్తెడు దూరం

పడవ తమ్ముడు నడిపేవాడు. దూరం అక్క చెప్పేది.

అది పాంటూన్ పడవ. కింద రెండు పొడుగాటి అల్యూమినియం గొట్టాలు, వాటి మీద బల్లపరుపు నేల, పైన రేకు. నీళ్ళలో దిగి కూర్చోదు కాబట్టి గాలి ఎటు తోస్తే అటు జారుతుంది. స్టీరింగు కుడిపక్క. రేవుకు ఆనేది ఎడమ మూల. మధ్యలో జనం తలలు అడ్డం. ఆ మూల తమ్ముడికి కనిపించదు.

అందుకని అక్క ముందు నిలబడేది. "రెండు బారలు" అంటే తమ్ముడు వేగం తగ్గించేవాడు. "మూరెడు" అంటే గేరు తీసేసేవాడు. "జానెడు" అంటే ఒక్కసారి వెనక గేరు వేసి వదిలేవాడు. "బెత్తెడు" అనేసరికి పడవ ఆగేది. ఆమె తాడు గుంజకు చుట్టేది.

జనానికి కూడా ప్రతి ట్రిప్పులో ఆమే చెప్పేది. "రేవుకీ పడవకీ మధ్య చెయ్యి పెట్టకండి, కాలు పెట్టకండి. పడవకి సొట్ట పడితే తీయించుకుంటాం."

పెళ్ళయిన కొత్తలో తమ్ముడు అత్తవారిని పడవ ఎక్కించాడు. తిరిగి వస్తుంటే మామగారు అన్నారు, "ఏం అల్లుడూ, మీ అక్కగారు చెప్తేగానీ బండి ఆగదా? ఇంట్లోనూ ఇంతేనా?"

అందరూ నవ్వారు. కొత్త పెళ్ళామూ నవ్వింది.

"రెండు బారలు," అంది అక్క.

"నాకు కళ్ళున్నాయిలే అక్కా. కాసేపు నోరు మూసుకో."

ఆమె మూసుకుంది. గాలి వెనకనుంచి తోస్తోంది. ఇంకా దూరం ఉందనుకుని తమ్ముడు గేరు తియ్యలేదు. దిగుదామని లేచిన మామగారు పడవ అంచు కమ్మీ పట్టుకున్నారు. వేళ్ళు రేవు వైపు ఉన్నాయి. అక్క కాలు చాచి రేవుకు అదిమింది.

మామగారి వేళ్ళు దక్కాయి.

ఆస్పత్రిలో తమ్ముడు అక్క మంచం పక్కన కూర్చుని అడిగాడు. "కాలెందుకు పెట్టావక్కా? ఒక్క కేక వేస్తే పోయేదిగా."

"నోరు మూసుకోమన్నావు. కాలు సంగతి ఏమీ అనలేదుగా."

నర్సు నవ్వింది. అక్కా నవ్వింది. తమ్ముడు తల ఎత్తలేదు.

ఎముక అతికింది గానీ చీలమండ వంగదు. కదిలే నేల మీద ఆమె నిలబడలేదు. రేవు పక్కనే ఉన్న టికెట్ల గదిలో కూర్చుంటోంది. తాడు పనికి ఒకప్పటి బస్సు క్లీనరు వచ్చాడు. "రానీ, రానీ" అంటాడు.

"రానీ అంటే ఎంతయ్యా?"

"రావాల్సినంత బాబూ."

పడవకు రెండు సొట్టలు పడ్డాయి. ఒకరోజు అన్నాల దగ్గర తమ్ముడు అడిగాడు. "నీ కిటికీలోంచి ఆ మూల కనిపిస్తుందిగా అక్కా. అక్కణ్ణించే చెప్పు. వినిపిస్తుంది."

"కనిపిస్తుంది," అంది. చెప్తాననలేదు.

మర్నాడు మళ్ళీ వెనకగాలి. రేవు దగ్గరపడుతుంటే తమ్ముడు కిటికీ వైపు చూశాడు. "ఎంతుందక్కా?" అని అరిచాడు. జనం తలలు తిప్పారు.

కిటికీలోంచి చెయ్యి బయటికి వచ్చింది. మోచేతి దాకా. తమ్ముడు గేరు తీశాడు. బొటనవేలూ చిటికెనవేలూ విచ్చుకున్నాయి. వెనక గేరు వేసి వదిలాడు. తర్వాత నాలుగు వేళ్ళు దగ్గరికి చేరాయి. పడవ ఆగింది.

జనం దిగాక అతను కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

"నోటితో చెప్పొచ్చుగా అక్కా."

"పక్కకి జరగరా. టికెట్లకి నిలబడ్డారు," అంది ఆమె.