ఉసిళ్ళకు దొరికిన ఎనిమిదో గది

నేను ఒక అద్దం మూత పెట్టెను. నన్ను వేపచెక్కతో చేసిన వడ్రంగి లోపల ఎనిమిది గదులు కట్టి, "తొమ్మిదోది పట్టదమ్మా, సర్దుకో" అని గాజులమ్మే ఖాసింబీ చేతిలో పెట్టాడు. గాజులు ఆమె భుజాన తాళ్ళకు వేలాడేవి. బొట్టుబిళ్ళలు, కమ్మలు, గుండుసూదులు నాలో ఉండేవి. ఏ వీధిలో దించినా ఆడవాళ్ళంతా నా మీదికి వంగేవారు. కొనేవాళ్ళకన్నా నా అద్దంలో ముఖం చూసుకునేవాళ్ళే ఎక్కువ.

మోకాళ్ళు మొరాయించాక ఖాసింబీ నన్ను కుళ్ళాయమ్మకు ఇచ్చేసింది. ఎన్నో ఏళ్ళు మధ్యాహ్నం పూట ఆ ఇంటి అరుగు మీదే సద్ది విప్పుకుని తిన్నది మరి. కుళ్ళాయమ్మ నాలో వక్కలు, మందుబిళ్ళలు కలిపి పోసింది. మనుషులు ఇలాగే ఉంటారు. ఎనిమిది గదులున్నా అన్నీ ఒకే గదిలో పోస్తారు.

ఆ గందరగోళాన్నంతా దులిపి నన్ను తుడిచింది ఆమె మనవరాలు సుజన. తొమ్మిదో తరగతి. క్లాసులో హాజరు పిలిస్తే ఆ పిల్ల జవాబు పక్క బెంచీకి కూడా వినిపించదు. మండల సైన్సు ప్రదర్శన కోసం పురుగుల పెట్టె చేస్తానని వన్నూరప్ప సారుకు కాగితం మీద రాసిచ్చింది.

పురుగులను చంపడానికి సుజనకు చేతులు రాలేదు. వీధిదీపం కింద, కిటికీ మూలల్లో చచ్చి పడినవే ఏరింది. సాలీడును కూడా తెచ్చింది గాని, కీటకానికి ఆరు కాళ్ళే ఉండాలని, దీనికి ఎనిమిదున్నాయని తెలిసి మర్యాదగా బయట పెట్టింది. మిగతావాటిని చుట్టరికాన్ని బట్టి, పుస్తకం చెప్పిన క్రమాల ప్రకారం నా గదుల్లో సర్దింది. గట్టి పెంకు రెక్కల పురుగులకు ఒక గది. సీతాకోకచిలుకలకు, వాటి అక్కచెల్లెళ్ళయిన చిమ్మెటలకు ఒకటి. రెండే రెక్కలున్న ఈగలకు, దోమలకు ఒకటి. తూనీగలకు ఒకటి. మిడతలకు, కీచురాళ్ళకు ఒకటి. సూదిలాంటి నోటితో రసమో నెత్తురో పీల్చే నల్లులకు ఒకటి. చీమలకు, తేనెటీగలకు, కందిరీగలకు కలిపి ఒకటి. ఎనిమిదో గదిలో బొద్దింక ఒంటరిగా ఉంది. లోకంలో ఇంకా ఎన్నో క్రమాలున్నాయట. నాకున్నవి ఎనిమిదే, ఏం చేయను?

తొలకరి పడి, పుట్టల్లోంచి ఉసిళ్ళు లేచాయి. కుళ్ళాయమ్మ వాటిని వేయించి, రెక్కలు రాలేటట్టు చేటలో చెరుగుతూ ఉంటే సుజన అడిగింది.

"జేజీ, ఇవి రెక్కలొచ్చిన చీమలే కదా?"

"ఎవురే చెప్పింది నీకు? చీమకు నడుము దారం మాదిరి ఉంటాది. దీనికి నడుము యాడుంది? మీ తాత మాదిరి పైనుంచి కిందికి ఒకటే లావు!"

సుజన నవ్వు ఆపుకుని పుస్తకం తిరగేసింది. ఉసిళ్ళంటే రెక్కలొచ్చిన చెదపురుగులే. చెదపురుగులేమో బొద్దింకల బంధువులు! రెక్కలు ఊడని రెండు ఉసిళ్ళను తెచ్చి బొద్దింక పక్కన గుండుసూదులతో గుచ్చింది. జేజికి మాత్రం చెప్పలేదు. ఆమె నోట్లో అప్పటికే పిడికెడున్నాయి.

ప్రదర్శనలో మాట్లాడాల్సింది సుజన క్లాసులో అందరికన్నా పెద్ద గొంతున్న ఇంద్రజ. "పెట్టె నీది, గొంతు దానిది" అన్నారు సారు. సుజన తలూపింది. కానీ వారం రోజులు నా అద్దం ముందు కూర్చుని అక్కడ చెప్పాల్సిన మాటలన్నీ చెప్పుకున్నది సుజనే. తనే చెప్పాలని ఆ పిల్లకు ఎంత ఆశో నా ఒక్కదానికే తెలుసు.

ప్రదర్శన రోజు సుజన నీళ్ళకు వెళ్ళినప్పుడు ఇంద్రజ నా మూత తెరిచింది. "థూ, మనం తినేవాటిని బొద్దింక పక్కన పెడతారా ఎవరైనా?" అని ఉసిళ్ళను పీకి, చీమల గదిలో గుచ్చేసింది. మంచి మనసుతో చేసిన తప్పే అది. అరుద్దామంటే నాకు నోరు లేదు.

బహుమతులు తేల్చడానికి కాలేజీ నుంచి వచ్చిన మేడమ్ నా మీదికి వంగారు. సుజనను పక్కన పెడితే, ఖాసింబీ కాలం తర్వాత నన్ను అంత శ్రద్ధగా చూసింది ఆమే. "ఉసిళ్ళు చీమల్లో ఎందుకున్నాయమ్మా?"

"రెక్కలొచ్చిన చీమలు కదా మేడమ్!" గణగణలాడింది ఇంద్రజ గొంతు.

మేడమ్ పెన్ను కాగితం మీద ఆనింది. అప్పటికే తిరిగొచ్చిన సుజన చెయ్యి నా అంచును పట్టుకుంది.

"కాదు మేడమ్."

అందరూ అటు తిరిగారు. ఇంద్రజ కూడా.

"చీమకు నడుము సన్నంగా ఉంటుంది. రెక్కల్లో ముందువి పెద్దవి, వెనకవి చిన్నవి. ఉసిళ్ళకు నాలుగూ ఒకటే కొలత. నడుము..." అద్దం మీంచి ఉసిళ్ళను వేలితో చూపించింది. "నడుము మా తాత మాదిరి ఉంటుంది మేడమ్. మా జేజి చెప్పింది."

మేడమ్ పకపకా నవ్వారు. సుజన ఆగలేదు. మూత తెరిచి, ఉసిళ్ళను బొద్దింక పక్కకు చేర్చి, మిగిలిన గదులన్నీ ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయింది. సారు గడియారం చూపించాల్సి వచ్చింది.

"ఇన్ని మాటలు ఎక్కడ దాచావే?" అంది ఇంద్రజ.

మొదటి బహుమతి పొగలు కక్కే అగ్నిపర్వతానికి పోయింది. పొగతో పోటీ పడటం పురుగులకు ఎప్పుడూ కష్టమే. మాకు రెండోది వచ్చింది.

ఇప్పుడు నేను బడిలో, సైన్సు బీరువా పై అరలో ఉంటున్నాను. అక్కడికి చేరేముందు ఒక్క సాయంత్రం ఇంట్లో ఉన్నాను. ఆ రోజే సుజన ధైర్యం చేసి జేజికి అసలు సంగతి చెప్పింది. చేతిలో వేయించిన ఉసిళ్ళతో కుళ్ళాయమ్మ నా మీదికి వంగి బొద్దింకను చూసింది.

"చుట్టం ఎట్లాంటిదైతే ఏమిలే. మీ తాత వైపోళ్ళను చూసి నేను మీ తాతను వదిలేసినానా?" అని ఆ పిడికెడూ నోట్లో వేసుకుంది.