రెండు ఫైళ్ల మనిషి

బాలశౌరి అనే మనిషిని నేను మూడు వారాల పాటు మనసులో తిట్టుకున్నాను. రెడ్డిగూడెంలో ఉంటాడు, మామిడి తోటలకు మందు కొడతాడు, ఇద్దరు భార్యలు. ఇద్దరికీ రొమ్ము క్యాన్సరే, ఇద్దరికీ ఒకటే ఫోన్ నంబరు. నా దగ్గరున్న రెండు ఫైళ్లు చెప్పింది అదే మరి.

హనుమాన్ జంక్షన్ దగ్గరున్న మా ఆసుపత్రిలో క్యాన్సర్ రిజిస్ట్రీ చూస్తాను. ఏ రోగికి ఏ పరీక్ష చేశారు, ఏ వైద్యం జరిగింది, ఇప్పుడెలా ఉన్నారు అని కంప్యూటర్లో గడులు నింపాలి. ఏ గడి ఖాళీగా ఉన్నా ఎందుకు ఖాళీ అని డాక్టర్ల వెంటపడాలి. వాళ్లలో సగం మందికి నేనంటే పడదు. పడకపోతే మానె, గడి మాత్రం నిండాలి.

మొదటి ఫైలు నాగమణిది. ఆపరేషన్ అయింది, కీమో అయింది. హార్మోన్ పరీక్ష గడి ఖాళీ. ఇంకా ఐదేళ్లు మాత్రలు వాడాలా వద్దా అన్నది ఆ పరీక్షే తేలుస్తుంది. ఆపరేషన్‌లో తీసిన ముక్కను పరీక్షకు పంపడం మరిచారు, ఇప్పుడు వెతికితే దొరకడం లేదు. మాత్రలు ఎవరూ రాయలేదు.

రెండో ఫైలు గ్లోరీది. చర్చిలో పెట్టిన వైద్య శిబిరంలో ముక్క తీసి మాకు పంపారు. పరీక్ష అయింది, మాత్రలు పనిచేస్తాయని వచ్చింది. ఆ తర్వాత ఆవిడ జాడ లేదు. ఒకామెకు వైద్యం ఉంది, పరీక్ష లేదు. ఇంకొకామెకు పరీక్ష ఉంది, వైద్యం లేదు. నాకు తల తిరిగిపోయింది.

ఫోన్ చేశాను.

"నాగమణి గారేనా అండీ?"

"అవునండీ." వెనక షెడ్డులో కాయలు పేర్చే ఆడవాళ్ల మాటలు వినిపిస్తున్నాయి.

"మరి గ్లోరీ గారెవరండీ?"

"ఆ పేరుగలవాళ్లు ఇక్కడ లేరండీ," అని పెట్టేసింది.

నాకు ఒళ్లు మండింది. సవతంటే పడకపోవచ్చు, అయినా ప్రాణం మీదికొచ్చిన మనిషి గురించి అలా అంటారా? లేక ఫైల్లో భర్త పేరు తప్పు రాశారా, ఈమె తోడికోడలా? అక్కా? ఎంత ఆలోచించినా తెగలేదు. డాక్టర్ హరిచందన గారు, "శుక్రవారం మీటింగుకి తేలకపోతే గ్లోరీ ఫైలు మూసేద్దామండీ," అన్నారు.

సోమవారం పొద్దున్నే పక్క సీటు కార్తీక్ నిష్ఠూరంగా మొదలుపెట్టాడు. "ఆఫీసు తాళాలు మీ దగ్గరే ఉండిపోయాయని నిన్న మీ వీధికొచ్చాను మేడమ్. పుష్పవతి గారిల్లు ఎక్కడని ఓ పెద్దాయన్ని అడిగితే, ఆ పేరుగలవాళ్లు ఇక్కడ లేరన్నాడు. ఏంటి మేడమ్, సొంత వీధిలోనే మిమ్మల్ని ఎరగరా?"

ఆ పెద్దాయన మార్టిన్ తాతయ్య, మా పక్కింటాయన. చిన్నప్పుడు నన్ను ఎత్తుకుని తిప్పాడు. ఆయనకు నేను షాలోమిని. చర్చిలోనూ, వీధిలోనూ షాలోమినే. పుష్పవతి నా సర్టిఫికెట్లలోనూ, మెడలో వేలాడే ఈ కార్డు మీదా ఉంటుంది, అంతే. కార్తీక్‌కు ఏదో సర్దిచెప్పి రెండు ఫైళ్లూ పక్కపక్కన పెట్టుకున్నాను. ఇన్నాళ్లూ నాకు తట్టనందుకు సిగ్గేసింది.

ఫోన్ చేసి రమ్మంటే బుధవారం నాగమణి వచ్చింది. వేళ్ల మీద మామిడి సొన కాల్చిన మచ్చలు. తలుపు మూసి, "నా పేరు షాలోమి," అన్నాను.

ఆమె నా కార్డు చూసింది. "దాని మీద పుష్పవతని ఉందిగా అమ్మా?"

"మీ కార్డు మీద నాగమణి అని లేదూ? అలాగే."

ఆమె మూసిన తలుపు వైపు ఓసారి చూసింది. "శిబిరంలో ఫాదర్ గారు అలవాటుగా గ్లోరీ అని రాయించారమ్మా. ఇక్కడికొస్తే కార్డులో పేరే చెప్పమన్నారు. మా పాపకి కాలేజీ సీటు ఎస్సీ సర్టిఫికెట్ మీదే వచ్చింది. ఈ చర్చి పేరు బయటపడితే పిల్ల చదువు ఏమైపోద్దోనని..."

"ఫోన్లో అందుకే లేరన్నారా?"

"ఆ పేరు మీదున్న పరీక్షతోనే మాత్రలిస్తారని నాకేం తెలుసమ్మా?" అని ఏడ్చేసింది. నాకూ ఏడుపొచ్చింది.

హరిచందన గారికొక్కరికే విషయం చెప్పాను. ఆవిడ పాత రిపోర్టు నాగమణి ఫైల్లోకి తెప్పించి, ఆ రోజే మాత్రలు రాశారు. గ్లోరీ ఫైలు మూశాను. కారణం గడిలో 'రెండుసార్లు నమోదు' అని పెట్టాను. బాలశౌరికి మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను.

నాగమణి మాత్రల పొట్లం పట్టుకుని గుమ్మం దగ్గర వెనక్కి తిరిగింది. మొహం వెలిగిపోతోంది. "వందనాలు షాలోమమ్మా!" అంది గట్టిగా.

కార్తీక్ తలెత్తాడు. "షాలోమి ఎవరు మేడమ్?"

మా నాన్న ఉద్యోగం, నా ఉద్యోగం, తమ్ముడి చదువు అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. నాగమణి ఇంకా గుమ్మంలోనే నిలబడి నన్నే చూస్తోంది.

"ఆ పేరుగలవాళ్లు ఇక్కడ లేరు కార్తీక్," అన్నాను.