ఎత్తిన చెయ్యి

ఎర్రకోటు చంక దగ్గర మళ్లీ పిగిలింది. పొద్దున్నే భార్య కుట్టేసి, దారం పళ్లతో తెంపింది.

"ఎన్నిసార్లు కుట్టమంటారు? చెయ్యి కాస్త నెమ్మదిగా ఎత్తకూడదూ?"

"నెమ్మదిగా ఎత్తితే బేరం పక్కవాడు ఎగరేసుకుపోతాడే."

షేర్ల బజారు హాల్లో బేరగాళ్లంతా తొడిగే ఆ ఎర్రకోటుతో అతను చేసే పని అదే. బ్రోకరు కొనమంటే చెయ్యెత్తి, కేకేసి కొనాలి. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది, అయినా అందరికీ అతను 'పెద్దగొంతు' మామే. అక్కడ ఎత్తిన చెయ్యే మాట. పొరపాటున ఎత్తినా దించుకోవడం ఉండదు, మునిగినా నోరు మూసుకుని భరించాల్సిందే. పెళ్లికి ఒప్పుకున్నావా అని అడిగినప్పుడు కూడా ఇలాగే టక్కున చెయ్యెత్తాడని భార్య ఇప్పటికీ ఏడిపిస్తుంది.

ఆ రోజు హాల్లో బేరాల్లేవు. నియంత్రణ సంస్థ నుంచి ముగ్గురు అధికారులు దిగారు. హాలు మూసేసి, బేరాలన్నీ కంప్యూటర్లకు అప్పగించాలని కొత్త ప్రతిపాదన. దానిమీద అభిప్రాయ సేకరణట! వారం నుంచీ వరండాలో కంప్యూటర్ల పెట్టెలు గుట్టపడి ఉన్నాయి. వంటంతా అయ్యాక ఏం కూర చెయ్యమంటారని అడగడానికి సిగ్గుండాలి.

అందరి తరఫునా వద్దని చెప్పాల్సింది పెద్దగొంతే. మాట పెగలాలని పొద్దుటి నుంచీ వేణ్ణీళ్లు తాగుతూనే ఉన్నాడు. అతని వంతు రానిస్తేగా! పెద్ద అధికారి వేగమనీ, పారదర్శకత అనీ పేజీలకు పేజీలు చదివాడు. జనం కునుకుతుండగా, తలైనా ఎత్తకుండా అదే గొంతుతో అన్నాడు.

"ఆమోదించేవారు చేతులెత్తండి."

ఆ మాట చెవిన పడిందో లేదో, పెద్దగొంతు చెయ్యి లేచింది. బుద్ధి ఆ తర్వాత లేచింది. మామ చెయ్యి చూసి ఎత్తడం అలవాటైన ఎర్రకోట్లన్నీ వెనకే చేతులెత్తేశాయి.

"అయ్యా, పొరపాటు..." అన్నాడు పెద్దగొంతు, లేచి నిలబడి.

అధికారి నవ్వాడు. "మీ హాల్లో ఎత్తిన చెయ్యి దించరటగా?"

ఎంత పొగరు! మాట మీద నిలబడేవాళ్లను ఆ మాటతోనే ఉరితీశాడు. దించెయ్ మామా, వీళ్ల దగ్గర నీకు నియమమేమిటి? అతను దించలేదు. లెక్క ముగిసేదాకా కళ్లనీళ్లతో అలాగే నిలబడ్డాడు.

"నువ్వేంటి మామా, ఇలా చేశావ్!" అన్నారెవరో. అతను కోటు విప్పి కొక్కేనికి తగిలించి, చొక్కాతోనే బయటికి నడిచాడు.

హాలు ఖాళీ చేయడానికి వచ్చిన కూలీలు కుర్చీలు మోసుకుపోయారు, బల్లలు మోసుకుపోయారు. గోడకు ఎర్రకోటు ఒక్కటే మిగిలింది, చంక కింద ఆ పొద్దున వేసిన కుట్టు మళ్లీ తెగి, దారం వేలాడుతూ.